కోడి కెలికిన అక్షరాలు

చిరంజీవి బుజ్జిగాడికి మేనత్త దీవెనలు.

నువ్వు కనిపెట్టిన మోకాళ్ల మాత్ర పరీక్షలో నేనూ చేరానురా! నలభై మందిమి. వారం వారం ఆసుపత్రికి వెళ్లి, ఎలా ఉందో చెప్పి, డైరీలో సంతకం పెట్టి వస్తున్నాం. మూడు వారాలకే మెట్లు పరుగున దిగుతున్నాను. పదివేల రసాయనాలు వడపోస్తే మిగిలింది ఇదొక్కటేనట కదా! పదకొండేళ్లు పట్టిందట! తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

ఇట్లు, నీ అత్తయ్య

తా.క.: చేతుల వణుకు మాత్రం ముదిరింది. కాజా కుట్టబోతే సూది వేలికి దిగుతోంది. ముప్పై ఏళ్లు తిండి పెట్టిన మిషను మీద దుప్పటి కప్పేశాను.

---

అత్తయ్యకు నమస్కారాలు.

పరుగున దిగుతున్నారా? మొన్న మా ఆవిడ వచ్చినప్పుడు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారట! నా పరువు కోసం అబద్ధం చెప్పకండి. మీకిచ్చేది అసలు మందో, ఉత్తి పిండి మాత్రో నాకూ తెలీదు, ఇచ్చే డాక్టరుకూ తెలీదు. ఎవరికి ఏది ఇచ్చారో రాసిన జాబితా చివర్లోనే విప్పుతారు. అంతవరకూ మాకు మీ నిజమే దిక్కు.

మీ మేనల్లుడు

తా.క.: మీ ఉత్తరం చదవడానికి గంట పట్టింది. కోడి కెలికినట్టుంది!

---

చిరంజీవి బుజ్జిగాడికి,

సరే, నిజం విను. డైరీలోనూ దిద్దించాను. మోకాళ్లు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. తోటివాళ్లదీ అదే పాట. బాధపడకురా. వేలసార్లు ఓడిపోయి కూడా పొద్దున్నే లేచి మళ్లీ ల్యాబుకు వెళ్తావు చూడు, నాకు అదే పెద్ద వింత. నేనైతే ఒక్క చొక్కా చెడగొడితే రెండు రోజులు కత్తెర ముట్టను.

నీ అత్తయ్య

తా.క.: ఈసారి అక్షరాలు బాగున్నాయా?

---

అత్తయ్యా!

బాగుండటమేమిటి, ముత్యాలు! వణుకేదీ? ఇవాళే పరీక్ష ముగిసింది, మందు మోకాళ్లకు పనికిరాదని తేలింది. ఫైలు కట్టేస్తుంటే మీ ఉత్తరం వచ్చింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపిస్తే మా ల్యాబు పెద్దాయన కుర్చీలోంచి లేచారు. నలభై డైరీలూ తెప్పించి జాబితా విప్పాం. మీలా చేతులు వణికేవాళ్లు పదమూడు మంది ఉన్నారు. అందులో అసలు మందు తిన్న ఏడుగురి సంతకాలూ వారం వారం చక్కబడుతూ వచ్చాయి! అందరం మోకాళ్లే చూస్తూ కూర్చున్నాం, చేతులు ఎవరూ చూడలేదు.

మీ మేనల్లుడు

తా.క.: కానీ మీరు తిన్నది పిండి మాత్ర. డైరీలో మీ సంతకం ఇంకా వంకరే. మరి ఆ ఉత్తరం ఎలా రాశారు?

---

ఒరేయ్ బుజ్జీ,

కంటికి కనబడని రేణువుల్ని పట్టుకుంటావు, నీకు అక్షరాలు దిద్దించిన అత్త చేతిరాత పట్టుకోలేకపోయావా! కోడి కెలికినట్టుందన్నావని సిగ్గేసి, ఎదురింటి టీచరమ్మ చేత రాయించాను.

నిన్న ఆసుపత్రికి వెళ్తే ఆ ఏడుగురిలో ఒకాయన కనిపించాడు, గడియారాలు బాగుచేసేవాడు. ఆవగింజంత మరను కుదురుగా బిగించి చూపించాడు. ఇన్నేళ్ల మీ కష్టం, దానికి నా సిగ్గు తోడై ఇంత పని జరిగిందా అని అక్కడే కూర్చుని ఏడ్చానురా.

చేతుల కోసం పెట్టే కొత్త పరీక్షకు పేరిచ్చాను. ఈసారి అసలు మందే వస్తుందని నమ్మకం లేదు. అయినా ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

నీ అత్తయ్య

తా.క.: ఈ ఉత్తరం నా చేత్తోనే రాశాను. గంట పట్టినా చదువు. మిషను మీద దుప్పటి తీసి నూనె వేశాను.