మఠంలో అవ్వ కుట్టిన తెర

తమ్ముడు ప్రశాంత్‌కు,

మేం లేహ్ చేరి నాలుగు రోజులైంది. ఇంత ఎత్తులో కూడా అవ్వకు ఊపిరి బాగానే ఆడుతోంది, నువ్వు పరేషాన్ కావద్దు. నిన్న కొండ మీది పాత బౌద్ధమఠానికి వెళ్లాం. అవ్వ నాలుగు చోట్ల కూర్చుని మెట్లన్నీ ఎక్కింది. లోపల వందల ఏళ్ల నాటి గోడబొమ్మలను నేను చూస్తుంటే, తను మాత్రం గుమ్మానికి వేలాడే తెరను పట్టుకుని నిలబడింది. దాని అంచు చినిగి ఉంది.

“గింత మంచి గుడ్డ, గిట్ల ఇడిసిపెడ్తరా? సూది ఉన్నదేమో అడుగు బిడ్డా” అంది.

బాపుతో కలిసి బట్టలు కుట్టిన అవ్వ, ఆయన పోయిన ఈ రెండేళ్లలో సూది ముట్టడం మనం చూడలేదు కదా.

నాకొచ్చిన హిందీలో అడిగితే, ముసలి లామా నవ్వి సూదీదారం తెచ్చాడు. అవ్వ ఎండలో కూర్చుని కుట్టింది. ఆ కుట్టు చూసి ఆయన, చినిగినవి ఇంకా ఉన్నాయి, రేపు వస్తారా అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే అవ్వ తలూపింది. దిగేటప్పుడు, “చేత్తోని ఎంతసేపు కుడ్తం? మిషన్ ఉంటే గడియల అయిపోతుండె” అంది.

రేగొండ ఇంట్లో ఉన్న బాపు కుట్టుమిషన్ కొనడానికి దీపావళికి ఎవరో వస్తారన్నావు. అమ్మడం లేదని వాళ్లకు చెప్పు. కుట్టించుకునే బట్టలుంటే మాత్రం తెమ్మను.

ప్రేమతో,
అక్క