గుంతల స్పాంజి చాలు

మేనల్లుడూ,

నా గదిలో చప్పుడు బయటికి రాకుండా గోడలు కట్టించాలని మా అబ్బాయి నీ కొట్టుకి వచ్చాడట. "మీ కోసమే మామయ్యా, వీధి గోల వినపడదు" అంది కోడలు. నా గది పెరటివైపు. అక్కడ గోల చేసేది నా దగ్గూ, నా కబుర్లే.

బరువైన బోర్డులు, మధ్యలో ఉన్ని, తలుపు కింద రబ్బరు పట్టీ వేయాలన్నావట. సరిగ్గానే చెప్పావు. ముప్పై ఏళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపినవాణ్ణి, ప్రొజెక్టర్ గదికీ అలాంటి గోడలే, వాటి సంగతి నాకు తెలుసు. ఒకసారి నా చెయ్యి మిషన్లో ఇరుక్కుంటే, ఎంత అరిచినా హాల్లో ఒక్కడికీ వినపడలేదు. పైగా అది నవ్వుల సీను. ఇంటర్వెల్ దాకా అలాగే ఉన్నాను. రెండు వేళ్లు పోయాయి, మిగతా మూడింటితో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు గుంతల స్పాంజి మాత్రమే అంటించు. అది గదిలో మారుమోత తగ్గిస్తుంది గాని, గొంతు బయటికి పోకుండా ఆపదు. ఆ సంగతి మా వాళ్లకి తెలీదు. దగ్గు దిండులో దాచుకుంటాను, కబుర్లు మానేస్తాను. అదంతా నీ స్పాంజి గొప్పతనమనుకుంటారు.

పడిపోయిన రోజున నా పిలుపు మాత్రం బయటికి వెళ్లాలి. విన్నవాళ్లు లేచి వస్తారా అంటే, దానికి నీ కొట్టులో సరుకు దొరకదు.

నీ మామయ్య