అత్త లాక్కున్న చక్కెర

జహీరాబాద్,
12 జూలై 1983, మంగళవారం

గిరిజమ్మ అత్తకు,

ఆదివారం నాన్న వచ్చి నా టీచరు ఉద్యోగం మాన్పించి ఇంటికి తీసుకుపోతాడట. అందుకే వెంటనే రాస్తున్నాను. పోస్ట్‌మన్‌తో నిదానంగా చదివించుకో.

శుక్రవారం నువ్వు మొగుడంపల్లి నుంచి రొట్టెలు తెచ్చేసరికి బడిలో తనిఖీ జరుగుతోంది, నా భోజనం ఆలస్యమైంది. పొద్దున ఇన్సులిన్ సూది వేసుకున్నాక వేళకు తినకపోతే ఒంట్లో చక్కెర మరీ పడిపోతుంది. వణుకు మొదలై చక్కెర పొట్లం విప్పాను. "షుగర్ బీమారి పెట్టుకొని చక్కెర బుక్కుతవా బిడ్డా? ఇటు తే!" అని నువ్వు లాక్కున్నావు. నేను పడిపోయాక హెడ్మాస్టరు ఆ చక్కెరే నీళ్లలో కలిపి తాగిస్తే లేచాను. నువ్వేమో నౌకరి వల్లే పడిపోయానని నాన్నతో చెప్పావు.

నీ మీద కోపం లేదత్తా. తీపి ముట్టొద్దన్న డాక్టరు మాటను నాకంటే గట్టిగా పట్టుకున్నది నువ్వే. కానీ అలా వణికినప్పుడు నాకు చక్కెరే మందు. వేళకు తింటే పాఠాలు హాయిగా చెప్పగలను.

నాన్న నా మాట వినడు. అక్కవి, నువ్వే "దాన్ని నౌకరి చేసుకోనియ్యి తమ్మీ" అని చెప్పాలి. చెప్పావని శనివారంలోగా జవాబు రాయించు. ఆ నమ్మకంతోనే నేను పెట్టె సర్దడం లేదు.

నీ మేనకోడలు