దిద్దిన పుస్తకం

పోలీస్ స్టేషన్ రైటర్ గారికి,

బాయిలర్ పేలి చనిపోయిన ఆపరేటర్ భార్యను నేను. మా ఆయన షిఫ్టు పుస్తకం మీ చేతికిచ్చింది నేనే. "వాలు కారుతోంది, ఓనరుకి చెప్పాను" అని పదకొండు రోజులు వరసగా రాశాడందులో.

నిన్న కోర్టులో చూస్తే అదంతా మీ ముత్యాల్లాంటి రాతలో ఉంది! ఇదేమిటని జడ్జిగారు అడిగితే, "అన్నీ నూనె మరకలూ తప్పులూనండీ, అందుకే శుభ్రంగా తిరగరాశానండీ" అన్నారు మీరు. ఓనరు లాయరు పకపకా నవ్వాడు.

"దర్యాప్తులో లోపం ఉందని కేసు కొట్టెయ్యను. కానీ మీ రాతను చనిపోయినవాడి మాటగా ఎలా తీసుకోమంటారు? అసలు పుస్తకం తెండి" అన్నారు జడ్జిగారు.

మీకు సిగ్గనిపించలేదా? వాల్వుని "వాలు" అని రాసేది మా ఆయనొక్కడే. పెళ్లయిన కొత్తలో దానికి నేనూ వెక్కిరించేదాన్ని. అది ఆయన రాతేనని చెప్పడానికి ఆ తప్పే గుర్తు. దాన్ని మీరు దిద్దిపారేశారు.

సోమవారం వాయిదా. ఆ జిడ్డు పుస్తకం మీ బీరువాలో ఉందో, చెత్తబుట్టలో ఉందో, వెతికి పట్టుకురండి.

ఈ ఉత్తరంలోనూ తప్పులుంటాయి. చేతులు కట్టుకుని చదవండి, దిద్దకండి.