రాయి కింద వానపాము

అమ్మా, ఇక్కడ ముగ్గురం కులాసా. “ఆ గొడ్డు నేలలో ఏం మొలుస్తుంది, ఊరొదిలి ప్లోవ్‌దివ్ నగరానికి వచ్చెయ్యండి” అని రాశావు కదా, దానికి జవాబు ఇవాళ పొద్దున దొరికింది.

మొన్న ఈ ఏటి మొదటి కొంగ కనబడగానే మార్చి ఒకటిన చేతికి కట్టుకున్న ఎరుపు తెలుపు దారం విప్పి పెరట్లో రాయి కింద పెట్టాను. దాని దగ్గరికి ఏ పురుగు చేరితే ఏడాదంతా ఆ జాతకమే కదా! నిరుడు చీమైనా రాలేదు. పైమట్టంతా మామయ్య బతికుండగా ఇటుకల బట్టీకి అమ్ముకున్న నేల మరి. రాయి కింద ఏమీ లేదని అత్తయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు.

అప్పట్నుంచీ గులాబీ నూనె తీశాక పారేసే రేకుల పిప్పి, గొర్రెల పెంట, వంటింటి తొక్కలు కుప్ప వేసి కుళ్ళబెట్టాను. వేడి చల్లారాక మట్టిలో కలిపాను. “నా కోడలు మట్టికి అత్తరు పూస్తోందర్రా” అని అత్తయ్య ఊరంతా చాటింది.

ఇవాళ రాయి ఎత్తితే, దారం పక్కన లావుపాటి వానపాము! అత్తయ్య గభాలున నా చెయ్యి పట్టుకుంది. “మెల్లగా దించవే పిల్లా, దానికి చలేస్తుంది!”

పాలకూర రెండేసి ఆకులు తొడిగింది. చుక్కకూర విత్తనాలు గుప్పెడు పంపు. గుడ్డు పెంకులు పారెయ్యకు, దంచి దాచు. తమ్ముడి దగ్గు తగ్గిందా? మా ఆయన కామెన్ నీ చేతి జున్ను రొట్టె కలవరిస్తున్నాడు.

మాకోసం ఖాళీగా ఉంచిన గది ఇంక అద్దెకిచ్చెయ్యమ్మా.

నీ చేతులు ముద్దాడుతూ,
వెలిన