తరిగొప్పులలో మూసిన అర్ర

బిడ్డా,

అరవై తొమ్మిది చలికాలంలో, తరిగొప్పులలో, బాలింతవు, నీకు గాలి తగలొద్దని మీ అత్త అర్ర తలుపు, కిటికీ సందులన్నీ గుడ్డలతో కుక్కి, లోపల గ్యాసునూనె, అదే కిరోసిన్, స్టవ్ వెలిగించింది. పసిదాన్ని అప్పుడే ఎండకు తెచ్చారు కనుక దక్కింది. నువ్వు పోతే దయ్యం పట్టిందన్నారు, మూర్ఖులు.

ఆ పసిదే, నీ పద్మ, ఇప్పుడు పదో తరగతి. ఆక్సిజన్ చాలకుండా మీథేన్ మండితే ఏమొస్తుందని పరీక్షలో అడిగారు. రెండు మీథేన్లకు మూడు ఆక్సిజన్లు వేసి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుందని సమీకరణం తుల్యం చేసింది. సైన్సు సారు తప్పని కొట్టేశాడు. ఈరోజు బడికి వెళ్లి నిలదీశాను.

"మండితె వచ్చేది కార్బన్ డయాక్సైడే, పెద్దాయనా. మోనాక్సైడ్ యాడికెళ్లి వస్తది?"

"పుస్తకం పట్టుకునుడేనా, చదువుడు లేదా?" అన్నాను.

నా పక్కన నిలబడ్డ పద్మ మెల్లగా అంది: "మా అమ్మ పండుకున్న అర్రల వచ్చింది, సార్."

ఆయన మార్కు వేశాడు. నా కోపం మాత్రం తగ్గలేదు, బిడ్డా.