ముప్పై ఎనిమిది గుమ్మాలు

జురాంగ్ ఈస్ట్, సింగపూర్,
మంగళవారం.

అమ్మకు,

శర్మిల నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ నాన్నా అన్నయ్య పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం మొదటి పేజీ చెప్పింది, సంతోషం. రెండో పేజీ మాత్రం నన్ను రెండు రోజులు సరిగా అన్నం తిననివ్వలేదు. "నీకు మేమంటే సిగ్గు పుట్టింది" అని రాశావు. అమ్మా, ఆ మాట నువ్వు ఎలా రాయగలిగావు?

నేను ఇంటి గ్రూపులో పెట్టింది ఒక్క వాక్యం. "ఈసారి పార్టీ బస్సులో రాను, పోస్టులో ఓటు వేస్తాను." అంతే. దాన్ని అన్నయ్య నీకు చదివి వినిపిస్తూ సింగపూర్ పౌరసత్వం చేర్చాడు, అక్కడెవరో అబ్బాయిని చేర్చాడు, పెద్ద చదువు చదివి మలేసియాలో మన తోట పనివాళ్లను మరిచిపోయిందని కూడా చేర్చాడు. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. కౌలాలంపూర్‌లో కాలేజీకి వెళ్తానంటే పెళ్లి తప్పించుకోవడానికి అన్నారు. మూడేళ్లలో మూడు ఉద్యోగాలు మారితే ఎవరితోనూ పడదు అన్నారు. నాకు ఒక చోట కాలు నిలవదన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ నేను చెప్పినదాన్ని చెప్పినట్టు ఎవరూ వినరు. అందుకే ఈ ఉత్తరం అన్నయ్య చేతికి అందకుండా నేరుగా నీ చేతికి వచ్చే ఏర్పాటు చేశాను. ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు నువ్వు అడిగినవి. గది మార్చలేదు, అదే బ్లాకు, అదే పదకొండో అంతస్తు. ఇంటి ఆంటీ వంటింట్లో పోపు పెట్టుకోనిస్తోంది గానీ ఎండుచేపలు మాత్రం వద్దంటోంది. పొద్దున్నే రైలెక్కితే మధ్యలో మారే పని లేకుండా క్రాంజీలో దిగుతాను, అక్కడి నుంచి నేను పనిచేసే కార్మికుల హాస్టల్‌కి బస్సు. నీ మోకాలికి మందు నూనె రెండు సీసాలు పంపుతున్నాను. ఒకటి ఆదెమ్మ అత్తకి ఇవ్వకు, తనకు వేరే పంపాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. "చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. నాయకుణ్ణి మారిస్తే జనం మళ్లీ నమ్ముతారా?" అని రాశావు. ఇరవై రెండేళ్లుగా పార్టీ మహిళా విభాగం నడుపుతున్నదానివి నన్ను అడగడం చూసి కొంచెం గర్వం కలిగింది, కొంచెం భయం వేసింది. పుస్తకంలో చదివింది చెబితే నీకు నవ్వొస్తుంది. కళ్లారా చూసింది చెబుతాను.

మా హాస్టల్లో ఉండేవాళ్లంతా కట్టడాల్లో, షిప్‌యార్డుల్లో పనిచేసే మగవాళ్లు. వాళ్ల మధ్యాహ్నం అన్నం కూడా తెల్లారకముందే వచ్చేస్తుంది. పొట్లాలు గేటు దగ్గర కొక్కేలకు వేలాడతాయి. అది పట్టుకుని లారీ ఎక్కితే, పన్నెండింటికి సైటులో విప్పేసరికి పప్పు పులిసిపోయి ఉంటుంది. రెండేళ్లుగా చెబుతున్నారు. పాత మేనేజరు ఫిర్యాదు ఫారాలు రాయించుకుని ఊరుకునేవాడు. చివరికి మనుషులు గేటు దగ్గరే పొట్లాలు వదిలేసి పోతుంటే కంపెనీ వాళ్లు మేనేజర్ని మార్చారు. విశ్వనాథం గారని కొత్తాయన వచ్చారు. ఆయన ఫోటో పెద్దది చేసి నోటీసు బోర్డు మీద పెట్టి, కింద నాలుగు భాషల్లో "మీ మాట వింటాం" అని రాశారు. ఆ తెలుగు వాక్యం రాసింది నేనే.

ఓబయ్య అని కడప వైపు మనిషి, నలభై దాటినవాడు, బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఫోటో బాగుండాది మేడమ్."

"కొత్త సారు మంచివారు ఓబయ్యా. ఒకసారి ఫారం రాసివ్వు."

"సారు మారినాడు. పప్పు యాడ మారింది? రాసిస్తే మీరు ఫైలులో పెట్టుకుంటారు. మీ ఫైలు కడుపు నిండుతాది, మా కడుపు కాదు."

వెనకున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెవులు వేడెక్కాయి. మూడు వారాలు ఒక్క ఫారం కూడా రాలేదు.

ఒకరోజు విశ్వనాథం గారు ఎవరికీ చెప్పకుండా వాళ్లతో పాటే లారీ ఎక్కారు. కొక్కెం మీది పొట్లం తనూ ఒకటి తీసుకున్నారు. మధ్యాహ్నం సైటులో వాళ్ల మధ్య కూర్చుని విప్పారు. సగం తిన్నారట. మర్నాడు సాయంత్రం అందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి అన్నారు: "రెండేళ్లుగా మీరు చెప్పింది నిజం. మేం వినలేదు. అప్పుడు ఈ కుర్చీలో నేను లేను, కానీ ఇప్పుడు ఉన్నాను గనక ఆ తప్పు నాదే." తర్వాతి వారం నుంచి మధ్యాహ్నం అన్నం విడిగా పదకొండింటికి సైటుకే వెళ్తోంది. ఓబయ్య మొన్న నా బల్ల దగ్గరికొచ్చి ఫారం అడిగాడు. బాత్రూం కుళాయి గురించి. "ఈయప్ప దగ్గర అడగొచ్చు మేడమ్" అన్నాడు.

అందుకని నీ ప్రశ్నకు నా జవాబు, మారిస్తే నమ్మవచ్చు. కానీ కొత్తగా వచ్చినవాడు పాతవాడి తప్పును తన నెత్తిన వేసుకున్నప్పుడే.

ఇప్పుడు మన సంగతి. మన పాత తోటలోనే ఉంటున్న ఆదెమ్మ అత్త ఆదివారం ఫోన్ చేసింది. నువ్వు చెప్పవద్దన్నావట, అయినా చెప్పింది. తోట మూతపడ్డాక ఆ కూలీల లైన్ ఇళ్లలో మిగిలిన ముప్పై ఎనిమిది కుటుంబాలకు సొంత ఇళ్లు కట్టిస్తామని పోయిన రెండు ఎన్నికల్లోనూ మాట ఇచ్చిన పార్టీ మీదే కదా. దరఖాస్తులు రాసింది నువ్వు. ఆ ఇళ్లకు శంకుస్థాపన రాయి వేసిన చోట ఇప్పుడు లలాంగ్ గడ్డి నా భుజం దాకా పెరిగింది. ఈసారి పార్టీ వాళ్లు నీ చేతికి కొత్త నాయకుడి ఫోటో ఉన్న కరపత్రాలిచ్చి, పాత ఇళ్ల మాట ఎత్తవద్దని చెప్పారట. నువ్వేం చేశావో అత్త గొంతులోనే రాస్తాను:

"మీ అమ్మ మా గుమ్మంలో నిలబడి కరపత్రం సంచీలోంచి తియ్యనే లేదే అమ్మాయ్! 'ఆదెమ్మా, పోయినసారి నేను నీకు చెప్పింది జరగలేదు. నమ్మమన్నది నేను. తిట్టాలనుంటే ముందు తిట్టేసెయ్, తర్వాత మాట్లాడతాను' అంది. ఇన్నాళ్లూ దాచుకున్న తిట్లు ఒక్కటన్నా నోటికొస్తేనా! కూర్చోమని కాఫీ పెట్టాను. మా పక్కింటి తిరుమలేష్ మాత్రం వదల్లేదు. అరగంట తిట్టాడు. వానలో నిలబడి అంతా వింది. అయ్యాక 'ఇంకేమన్నా ఉందా తమ్ముడూ' అని అడిగి మరీ పక్క గుమ్మానికి పోయింది."

అది విన్నప్పుడు నేను రైల్లో ఉన్నాను. నిలబడే ఏడ్చాను. ముప్పై ఎనిమిది గుమ్మాలూ అలాగే తిరిగావట. నేను రాజనీతి శాస్త్రం చదివాను, డిగ్రీ ఉంది, ఇప్పటికీ ఆఫీసులో నా తప్పు ఒప్పుకోవాలంటే మూడు సాకులు వెతుక్కుంటాను. నువ్వు ఆరో తరగతి వరకు చదివావు. నీది కాని తప్పును మోసుకుని మోకాలు నొప్పితో గుమ్మం గుమ్మానికీ వెళ్లావు. అమ్మా, నేను చూసిన మనుషుల్లో నీ అంత ధైర్యం ఉన్నవాళ్లు లేరు. ఈ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నువ్వు "పోవే" అంటావని.

కానీ కొత్త నాయకుడి ప్రసంగం నేను మొత్తం చూశాను. గంటా పది నిమిషాలు. మంచి గొంతు, మంచి చొక్కా, జోకులు కూడా బాగున్నాయి. ఇళ్ల మాట ఎవరో కింద నుంచి అడిగితే "పాతవన్నీ మరిచిపోదాం, కొత్త పేజీ తిప్పుదాం" అన్నాడు. మరిచిపోవలసింది ఎవరు? లైన్ ఇంట్లో కారే కప్పు కింద బకెట్ పెట్టుకున్నవాళ్లా? నీ ముప్పై ఎనిమిది గుమ్మాల్లో ఒక్కటైనా ఆయన ఎక్కాడా?

అన్నయ్య అసలు విషయం మొన్న ఫోన్లో చెప్పాడు. ఆ ఇళ్ల ఓట్లు పోతే నీ పదవి వేరే వాళ్లకు ఇస్తామని పార్టీ వాళ్లు అన్నారట. అందుకని శుక్రవారం ఆఖరి మీటింగ్‌లో తెర మీద వెయ్యడానికి నేను వీడియో పంపాలట. "సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న తోట బిడ్డను, నాకు కొత్త నాయకుడి మీద నమ్మకం ఉంది" అని చెప్పాలట. రెండు నిమిషాలు చాలట. "అమ్మ ఇరవై రెండేళ్ల కష్టం నీ నోటి మాటలో ఉంది, నీకు రెండు నిమిషాలు లేవా?" అన్నాడు. ఆ మాట నాకు తగలలేదని అనుకోకు. రెండు సార్లు ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. పదవి పోతే నువ్వు ఇంట్లో ఎలా తిరుగుతావో, ఫోన్ మోగినప్పుడల్లా ఎలా చూస్తావో నాకు తెలుసు.

ఓటు సంగతి కూడా చెప్పాలి. పోస్టు ఓటుకు సాక్షి కావాలి. ఈ సంతకం పెట్టింది ఈ మనిషేనని ఇంకో మలేసియా పౌరుడు సంతకం పెట్టాలి. ఎన్నికలొస్తే ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్లు స్టేషన్ల దగ్గర కలుసుకుని ఒకరికొకరు సాక్షులవుతారు. నిన్న మా స్టేషన్ పక్క హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాల మధ్య, ఒక పెద్దాయన టిష్యూ పొట్లం పెట్టి బల్ల తనదేనని చోప్ చేసి, అట్టముక్క మీద "సాక్షి" అని మలయ్‌లో రాసుకుని కూర్చున్నాడు. ముందు ఒక చైనీస్ అమ్మాయి, ఒక మలయ్ ఆంటీ, తర్వాత నేను. నా పేరు చూసి తెలుగులోకి దిగాడు.

"మన వాళ్లమ్మాయివా! ఏ తోట?"

చెప్పాను. ఆయన రాజారావు అంకుల్, పక్క తోటే, ఇక్కడ లిఫ్టులు బాగుచేస్తాడు. నువ్వు ఆయనకు తెలుసు.

"పైడమ్మ గారి కూతురివా? అయితే ఇంకేం, మన పార్టీకే. కొత్తాయనకి ఒక ఛాన్సు ఇవ్వాలి లా! పాతాయన చేసినదానికి ఈయన్ని కొడతామా?"

"అంకుల్, నేను ఆయనకు వెయ్యడం లేదు."

ఆయన కలం ఆగింది. నా మొహం చూశాడు. తర్వాత సంతకం పెట్టేశాడు.

"నేను సాక్షిని నీకు, నీ ఓటుకు కాదు. కవరు అంటించి ఇయ్యి. గురువారం పార్టీ బస్సులో పోతున్నా, ఎన్నికల ఆఫీసులో నేనే చేరుస్తా."

"పార్టీ బస్సులోనా?"

"బస్సుకి తెలుస్తుందా ఏంటి?" అని నవ్వి, కవరు తన టిఫిన్ సంచీలో పదిలంగా పెట్టుకున్నాడు. ఈ ఉత్తరం, నూనె సీసాలు కూడా ఆయనే తెస్తున్నాడు. ఆయన్ని నమ్మడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఇప్పుడు ఐదేళ్లుగా చెప్పనిది. పోయినసారి మీ పార్టీ బస్సులోనే వచ్చాను కదా. నువ్వు కట్టించిన నిమ్మకాయ పులిహోర తిన్నాను. బూత్ నుంచి బయటికి రాగానే సిరా అంటిన నా వేలు పట్టుకుని నువ్వు వీధిలో అందరికీ చూపించావు, "మా అమ్మాయి దీనికోసమే సింగపూర్ నుంచి వచ్చింది" అని. అప్పుడూ నేను మీ పార్టీకి వెయ్యలేదు. ఆ గడ్డి పెరిగిన రాయి పక్క నుంచి నడిచి వచ్చి వెయ్యలేకపోయాను. ఈసారి బస్సు ఎక్కనన్నది అందుకే. ఎదుటి పక్షానికి ఓటు మనసులో పెట్టుకుని మళ్లీ నీ చేతి పులిహోర తినలేను.

నువ్వు అడుగుతావు, పార్టీకి కాకపోతే నా కోసమైనా వెయ్యవచ్చు కదా అని. అదే ఆలోచించాను. నీ కోసం వేసిన ఓటు నీ దగ్గర ఆగదు. ఆ ముప్పై ఎనిమిది ఇళ్లలో నమ్మకం తిరిగి వచ్చిందంటే నీ మొహం చూసి వచ్చింది. లెక్కింపు అయ్యాక ఆయన మాత్రం తన ఫోటో చూసి వచ్చిందనుకుంటాడు. మళ్లీ ఐదేళ్లు మరిచిపోదాం అంటాడు. మళ్లీ వానలో నిలబడేది నువ్వే.

ఆదెమ్మ అత్త నీ మొహం చూసి మీ పార్టీకే వేస్తానంటోంది, తిరుమలేష్ మావయ్య వెయ్యనంటున్నాడు. ఇద్దరినీ నువ్వు కాదనలేవు. నన్ను కూడా అలాగే చూడు.

వీడియో పంపను. వేదిక మీద నా పేరు ఎవరూ ఎత్తకూడదని అన్నయ్యకు విడిగా రాశాను. నా ఓటు ఎదుటి అభ్యర్థికి వేశాను.

ఇట్లు,
నీ కూతురు
శర్మిల